పరకాయ ప్రవేశ విద్య: పాత కార్ల శాఖ

ప్రమాదంలో నుజ్జయిన కారును గాని, వరదలో మునిగిన కారును గాని బాగుచేయించడానికి అయ్యే ఖర్చు ఐడీవీలో, అనగా కొత్త కారు ధరలోంచి వయసునుబట్టి తరుగు తీసివేసి పాలసీపై రాసుకున్న విలువలో, 75 శాతాన్ని దాటుతుందని సర్వేయరు తేల్చినప్పుడు బీమా పరిభాషలో ఆ వాహనం ‘టోటల్ లాస్’ అవుతుంది. యజమానికి పరిహారం అందుతుంది, శకలం వేలానికి వెళ్తుంది, లోకరీతి ప్రకారం కథ అక్కడితో ముగియాలి. అయితే ఈ మరణం బీమా లెక్కల్లో సంభవిస్తుందేగాని రవాణా శాఖ దస్త్రాల్లో దానంతటదే సంభవించదు. శాశ్వతంగా పనికిరాకుండా పోయిన వాహనం సంగతిని 14 రోజుల్లో తెలియజేయాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 55వ సెక్షన్ యజమానిని ఆదేశిస్తున్నప్పటికీ, ఆ పని కంపెనీ చూసుకుంటుందని యజమానీ, యజమాని చూసుకుంటాడని కంపెనీ పరస్పర గౌరవంతో ఊరుకోగా, ఇద్దరూ చేయకుండా ఉంటే చాలునని ఇష్టదైవానికి మొక్కుకున్నవాడు పాట పాడి శకలాన్ని దక్కించుకుంటాడు.

ఆ మూడోవాడు కొన్నది ఇనుమును కాదు, 17 అక్షరాంకెల ఛాసిస్ నంబరునూ దానికి తోడున్న సి-బుక్కునూ. విక్రమార్కుడి కథల్లోని పరకాయ ప్రవేశ విద్య మోటారు రంగంలో అక్కరకొచ్చేది ఇక్కడే: చచ్చిన కారు మోడలూ రంగూ కలిసిన మరో కారును ఎవరి ఇంటి ముందునుంచో మాయం చేసి, దాని సొంత నంబరును చెరిపి, చచ్చినదాని నంబరును అందులోకి దించితే, కాగితాలన్నీ సక్రమంగా ఉన్న ఆరోగ్యవంతమైన వాహనం అవతరిస్తుంది. ఛాసిస్ నంబరులో ఐ, ఓ, క్యూ అనే ఆంగ్లాక్షరాలు ఒకటితోను సున్నాతోను తికమక పెడతాయని అంతర్జాతీయ ప్రమాణం వాటిని నిషేధించింది. చదివేవాడి కన్ను పొరబడకూడదని ఇంత జాగ్రత్తపడిన పండితులకు, చెక్కేవాడి చెయ్యి అసలే పొరబడదన్న సంగతి తట్టినట్టు లేదు. నంబరు అక్కర్లేని దొంగ బండ్లకు వేరే దారి ఉంది. మీరట్‌లోని సోతీగంజ్ బజారు వాటిని విప్పి, ఏ ముక్కకు ఆ ముక్కగా అమ్మడంలో దేశమంతటా పేరు మోసి, 2021 డిసెంబరులో పోలీసులు మూయించిన తరువాత ప్రధానమంత్రి ప్రసంగంలోకి కూడా ఎక్కింది.

ఈ వ్యవస్థలో అత్యంత ఆదరణీయుడు ప్రైవేటు విక్రేత, అంటే కొట్టూ బోర్డూ బిల్లుపుస్తకమూ లేకుండా ‘సొంత బండి’ అమ్ముకునే పెద్దమనిషి. పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుంచి అనుమతిపత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నా అది ఈయన దాకా రాదు. ఈయన ప్రకటనలో కారు ఎప్పుడూ సింగిల్ ఓనర్‌ది. నడిపింది డాక్టరు గారు. తిరిగింది ఇంటికీ ఆసుపత్రికీ మధ్య. అమ్మడానికి కారణం అమెరికా ప్రయాణం. తెలుగు రాష్ట్రాల్లో అమ్మకానికి వచ్చిన డాక్టర్ల కార్లన్నిటినీ లెక్కిస్తే రోగులకన్నా డాక్టర్లే ఎక్కువని తేలే ప్రమాదముంది. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో పాత సామాను అమ్మే వ్యాపారి మర్నాడు కూడా అదే కొట్టు తెరవాలి గనుక, ‘పెట్టి చూసుకో, పడకపోతే తెచ్చేయ్’ అనే ఒక్క మాటకైనా కట్టుబడతాడు. ప్రైవేటు విక్రేత కట్టుబడేది సిమ్ కార్డుకు మాత్రమే, దాన్ని మార్చుకోవడం ఇంజనాయిలు మార్చడం కన్నా తేలిక.

వరద కార్ల విషయం కొంత వివరంగా చెప్పుకోదగ్గది. 2015లో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన విజయవాడ, ప్రతిచోటా నీరు తీసిన తరువాత కార్లు ఊరు మారాయి, ఎందుకంటే వరదను చూడని ఊళ్లోనే వరద కారుకు ధర పలుకుతుంది. నీళ్లలో నానిన కారు ఇంజను విప్పి శుభ్రం చేస్తే మళ్లీ తిరగవచ్చు గాని, తివాచీ కింద పారే వైరింగులోను, కారు మెదడుగా పనిచేసే ఈసీయూ అనే కంప్యూటరు పెట్టెలోను చేరిన తడి తన పనిని నెలల తరబడి నింపాదిగా చేసుకుపోతుంది. రాగి కనెక్షన్లు పచ్చబారి, అద్దాలు దిగడం మానేసి, హారను తనంతట తానే మోగడం మొదలయ్యేనాటికి అమ్మినవాడి ఫోను స్విచాఫ్‌లో ఉంటుంది. సీటుబెల్టును చివరిదాకా లాగితే కనిపించే మట్టి గీత, స్టెప్నీ గుంతలో మిగిలిన ఒండ్రు, డాష్‌బోర్డు కింద తుప్పు పట్టిన స్క్రూలు నిజం చెబుతాయి గాని, కొనేవాడు వాటి జోలికి పోకుండా పాటలపెట్టె పనిచేస్తున్నదీ లేనిదీ పరీక్షించి, మల్లెపూల సెంటు వాసనకు ముచ్చటపడి, బయానా ఇచ్చేస్తాడు.

ఎయిర్‌బ్యాగు విషయంలో ఈ విద్య మరికొంత ముదిరింది. ఒకసారి పేలిన ఎయిర్‌బ్యాగు మళ్లీ పనికిరాదు, కొత్తది ఖరీదైనది. కనుక పేలిన స్థానంలో మూత బిగించి, లోపముందని హెచ్చరించే దీపం వెలగకుండా వైర్ల మధ్య చిన్న రెసిస్టరును అమర్చడంతో రక్షణ వ్యవస్థ సంపూర్ణమవుతుంది. తాళం తిప్పగానే ఆ దీపం కొన్ని క్షణాలు వెలిగి ఆరాలి. అసలు వెలగని దీపాన్ని చూసి ‘ఏ సమస్యా లేదు’ అని సంతోషించేవారే ఈ ఇంజనీరింగుకు పోషకులు.

కాగితాల ఘట్టం అన్నిటికన్నా రసవత్తరమైనది. యాజమాన్యం మార్పుకు వాడే 29, 30 నంబరు ఫారాలపై అమ్మినవాడు సంతకం చేసి, కొన్నవాడి పేరు ఖాళీగా వదిలే ‘ఓపెన్ ట్రాన్స్‌ఫర్’ పద్ధతిలో బండి ఎన్ని చేతులు మారినా పుస్తకంలో మొదటి యజమానే చిరంజీవిగా ఉంటాడు. పేరు మార్చకుండా పలుసార్లు అమ్ముడైన ఒక కారు ప్రమాదం చేసినప్పుడు, పరిహారం బాధ్యత రిజిస్ట్రేషన్‌లో పేరున్నవాడిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా కొత్త యజమానికి పన్నులూ ఫీజులూ, పాత యజమానికి ఆఫీసు చుట్టూ తిరగడమూ తప్పుతాయి గనుక, ఇద్దరూ ఏకాభిప్రాయానికి రాగలిగిన ఏకైక చట్టవిషయం ఇదే.

కొనేవాడిని అమాయకుడిగా చిత్రించడం మన సమాజంలో ఆనవాయితీ గాని, అది శాస్త్రీయం కాదు. అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదని 1930 నాటి వస్తు విక్రయ చట్టం చెబుతున్నది గనుక దొంగ బండికి ఎంత పోసినా అది అసలు యజమానిదే. దొంగసొత్తు అని తెలిసి గాని, అలా నమ్మడానికి కారణం ఉండి గాని దురుద్దేశంతో తీసుకోవడం భారతీయ న్యాయ సంహితలోని 317వ సెక్షన్ కింద నేరం. ఆ ‘కారణం’ ఏమిటని దర్యాప్తు అధికారి వెతకనక్కర్లేదు, ఎందుకంటే ఆరు లక్షల బండిని రెండు లక్షలకే కొట్టేశానని కొన్నవాడే పెళ్లిళ్లలోను పేరంటాలలోను స్వయంగా సాక్ష్యం చెప్పుకొని ఉంటాడు.

చావవలసిన కార్లకు గౌరవప్రదమైన అంత్యక్రియల కోసం 2021లో కేంద్రం తుక్కు కేంద్రాల నిబంధనలు తెచ్చింది. అక్కడ బండిని అప్పగిస్తే డిపాజిట్ ధ్రువపత్రం ఇస్తారు, ఛాసిస్ నంబరున్న ముక్కను కోసి విడిగా భద్రపరుస్తారు. ధర మాత్రం ప్రధానంగా తూకాన్నిబట్టి ఉంటుంది. అదే శకలం కోసం ఇంటికి వచ్చే ప్రైవేటు కొనుగోలుదారు అంతకన్నా ఎక్కువ ఇస్తాడు. బానెట్టు ఎత్తమనడు, ఇంజను ఉందా ఊడిందా అని అడగడు, ముందుగా సి-బుక్కు చూపించమంటాడు.