ఈశాన్యం చూశారు సరే, చెరువు చూశారా?

ప్లాటు కొనే ముందు మనం ఏం చూస్తాం? ఈశాన్యం పల్లంగా ఉందా, నైరుతి మెరకగా ఉందా చూస్తాం. వీధిపోటు ఎటు నుంచో చూస్తాం. సిద్ధాంతిగారు దిక్సూచి పట్టుకుని నాలుగు మూలలూ తిరిగి తలూపుతారు. అంతా పక్కా. మరి ఆ ప్లాటే ఊరికి పల్లంలో ఉందేమో ఎవరైనా చూశారా? అబ్బే!

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. ఇప్పుడు నిజం దేవుడి కన్నా ముందు ఇరిగేషన్ శాఖకు తెలుసు. అడిగితే తప్ప చెప్పదు. అడిగినా ఫైలు దొరకదు.

‘కొనేవాడు చూసుకోవద్దా?’ అని గద్దిస్తారు ఏలినవారు. చూసుకుంటాడు స్వామీ. ఎక్కడ చూసుకోవాలి? ఈసీ తీస్తే తాకట్టు సంగతి చెబుతుంది, తూము సంగతి చెప్పదు. పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి, అంటే చెరువు నిండినప్పటి నీటి అంచు నుంచి, 30 మీటర్లు, పది హెక్టార్ల లోపు చెరువైతే 9 మీటర్లు వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతోంది. బ్రహ్మాండం! కానీ ఆ ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో తేలితేనే కదా టేపు పట్టేది? హైదరాబాద్ చుట్టూ ఎన్నో చెరువులకు తుది నోటిఫికేషన్ ఏళ్ల తరబడి నానింది. గీత తేలేలోగా గృహప్రవేశాలు అయిపోయాయి.

శిఖం భూమిలో, అంటే చెరువు గర్భంలోనే, లేఅవుట్ పడింది. ఎవరాపారు? రిజిస్ట్రేషన్ ఆఫీసు ముద్ర కొట్టింది. కరెంటోళ్లు మీటరు బిగించారు. జలమండలి నల్లా ఇచ్చింది. మున్సిపాలిటీ ఇంటిపన్ను వేసింది. బ్యాంకు లీగల్ ఒపీనియన్ తీసుకుని మరీ అప్పిచ్చింది. ఇందరు వచ్చి వెళ్లారు, ఒక్కరి కాలికీ తడి అంటలేదు! 2024 జులైలో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా పుట్టాక, జేసీబీలు బయల్దేరాక, ఇది చెరువని అందరికీ ఒక్కసారే జ్ఞాపకం వచ్చింది. కొందరు అధికారుల మీద కేసులు పెట్టారు, నిజమే. కూలింది మాత్రం కొన్నవాడి ఇల్లు.

పోనీ, మనకు వరద కొత్తా? 1908లో మూసీ హైదరాబాద్‌ను ముంచింది. నిజాం సర్కారు విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ లేచాయి. వాటి పరీవాహకంలో అడ్డగోలుగా కట్టొద్దని 1996లో జీవో 111 తెచ్చి 84 గ్రామాలకు ఆంక్షలు పెట్టారు. 2022లో జీవో 69 తెచ్చి సడలించారు. మొదటి జీవో వరద చూసినవాళ్ల జ్ఞానం. రెండోది ఎకరం రేటు చూసినవాళ్ల విజ్ఞానం.

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో పల్లె చెరువుకు, గుర్రం చెరువుకు గండ్లు పడి కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్లలో నానింది. బుడమేరు ఏమైనా రహస్యమా? ‘బెజవాడ దుఃఖదాయని’ అని బిరుదున్న వాగు! బిరుదిచ్చిన ఊళ్లోనే ఇళ్లకు ప్లాన్లూ ఇచ్చారు.

ఇప్పుడు లెక్క చూడండి. అరవై లక్షల ఫ్లాటుకు నేటి రేటున స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ వగైరా కలిపి ఏడున్నర శాతం. అంటే నాలుగున్నర లక్షలు. రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే రేటు. మునిగితే? హైదరాబాద్‌లో 2020లో కుటుంబానికి 10,000. విజయవాడలో 2024లో కింది అంతస్తు ఇంటికి 25,000. పుచ్చుకునేది లక్షల్లో, విదిల్చేది వేలల్లో. మళ్లీ దానికో ఫ్లెక్సీ!

సమాచారం లేదా అంటే, ఉంది. ఉపగ్రహ చిత్రాలతో దేశమంతటి వరదలనూ మ్యాపులుగా గీసే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం బాలానగర్‌లోనే ఉంది. దాని భువన్ పోర్టల్ ఎవరైనా తెరవొచ్చు. కానీ కొనేవాడికి చూపించేది డ్రోన్ వీడియో. అదీ ఎండాకాలంలో తీసింది. ‘వానొస్తే ఎలా?’ అనండి. ‘డ్రైనేజీ వరల్డ్ క్లాస్ సార్!’ అంటాడు టై కట్టిన కుర్రాడు.

వాణ్ని వదిలేసి రోడ్డు దాటండి. పంక్చర్ షాపాయన్ని అడగండి. లేవకుండానే చెబుతాడు, నీళ్లు ఎందాకా వచ్చాయో. పక్క వీధిలో గేట్ల ముందు అడుగెత్తు ఇటుక గట్లు ఎందుకున్నాయి? కింది వాటాల్లో స్విచ్‌బోర్డులు ఛాతీ ఎత్తుకు ఎందుకు ఎగబాకాయి? కొత్త సున్నం గోడకు సగం దాకానే ఎందుకుంది? వీధంతా సాక్ష్యం చెబుతుంటే ఆఫీసులకు మాత్రం ఆధారాలు కావాలి!

అయినా ఈ గూఢచారి పని కొనేవాడు ఎందుకు చెయ్యాలి? ప్రతి దస్తావేజులో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం హద్దులు రాస్తున్నారు కదా. ఐదో హద్దు కూడా రాయండి. చెరువు ఎన్ని మీటర్లు, నాలా ఎన్ని మీటర్లు, చివరిసారి ఏ ఏడు ఎంత లోతు మునిగింది. కింద అధికారి పేరు, సంతకం. రాయడానికి చెయ్యి రాదా? అయితే ఏడున్నర శాతానికి ఆ చెయ్యి చాచకండి.