ఊడినచోట ఊడ్పులు

మా గోదావరి జిల్లాల్లో వరినాట్లను ఊడ్పులంటారు. ఆకుమడిలో నారు తీసి, కట్టలు కట్టి, దమ్ము చేసిన చేలో కుదురు కుదురుగా గుచ్చుకుంటూ వెనక్కి నడుస్తారు. నాలుగెకరాలు ఊడ్చడానికి మా నాన్న ఏటా పెట్టిన ఖర్చు, నాలుగంగుళాల నుదురు ఊడ్చే పనికి బయానా కింద కూడా చాలదని పోయిన నెల తెలిసింది. జూబ్లీహిల్స్‌లో ఒక అద్దాల మేడలో, ఏసీ చలికి వణుకుతూ తెలుసుకున్నాను. పొలంలో ఊడ్చింది నాలుగు నెలలకు కోతకొస్తుంది. నెత్తిన ఊడ్చింది నెల తిరగ్గానే రాలిపోతుంది. కంగారు పడకండి, దాని పద్ధతే అంత. పైపోచ రాలి, కింద కుదురు నిద్రపోయి, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలకెత్తి, ఏడాదికి గానీ ఓ రూపానికి రాదు. కిస్తీ మాత్రం మొదటి నెల నుంచే మొలుస్తుంది.

ఊడ్పించుకోవాలనుకున్నది నేను కాదు, నాకా వయసూ దాటింది, జుట్టూ దాటింది. మా అక్క కొడుకు. 24 ఏళ్లు, మాదాపూర్లో ఉద్యోగం. వాడి జుట్టు నుదుటికి రెండు మూలలా, వేసవి గోదారిలా వెనక్కి తగ్గి ఇసుక తేలుతోంది. మా అక్క ఫోన్ చేసి, "తమ్ముడూ, వాణ్ణి నువ్వే తీసుకెళ్లు. నీ పోలికేగా తగలడింది!" అంది.

ఈ అభియోగానికి శాస్త్రంలో సగం బలం ఉంది. బట్టతలకు సంబంధించిన జన్యువుల్లో ముఖ్యమైనదొకటి ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లాడికి ఎక్స్ వచ్చేది తల్లి నుంచే. "అక్కా, నేను వాడికిచ్చింది సైకిలొక్కటే. ఇది నీ చేతుల మీదుగా వెళ్లింది. మిగతా జన్యువుల సంగతి బావగారిని అడుగు" అన్నాను. ఫోన్ పెట్టేసింది.

అద్దాల మేడలో ముందు కాఫీ ఇచ్చారు. ఆస్పత్రిలో కాఫీ ఇచ్చారంటే అది ఆస్పత్రి కాదని నా వయసువాడికి అర్థం కావాలి. కాలేదు. గోడల నిండా జంట ఫొటోలు: "ముందు", "తర్వాత". ముందు ఫొటోలో మనిషి ట్యూబ్‌లైటు కింద, తడిజుట్టుతో, ఇంటర్ తప్పినవాడిలా ఉంటాడు. తర్వాత ఫొటోలో కోటు, నవ్వు, పక్కన మొక్క. జుట్టు నాటితే పళ్లు కూడా తెల్లబడతాయని అక్కడే చూశాను.

కౌన్సెలరమ్మ వచ్చింది. తెల్లకోటు ఉంది, కోటు మీద పేరుంది, పేరు పక్కన చదువు లేదు. చిన్న కెమెరా ఒకటి వాడి నడినెత్తిన ఆనించి, తెర మీద చూపించింది. ఎవరి మాడునైనా 50 రెట్లు పెంచి చూపిస్తే అనంతపురం జిల్లాలాగే ఉంటుంది. వాడి మొహం పాలిపోయింది. "గ్రేడ్ త్రీ సార్. ఇప్పుడు చేయించుకోకపోతే సెవెన్‌కి వెళ్లిపోతారు" అంది. ఆ ఏడు మెట్ల నిచ్చెన హామిల్టన్ అనే అమెరికన్ 1951లో వేసినదాన్ని 1975లో నార్వుడ్ అనే డాక్టరు సరిచేసింది. ఎవరు ఏ మెట్టు దాకా వెళ్తారన్నది 24 ఏళ్లప్పుడు ఎవరూ చెప్పలేరు, నార్వుడ్ దిగివచ్చినా సరే. మూడు దగ్గర ఆగిపోయేవాళ్లుంటారు, ముప్పై నిండకుండానే ఆరు దాటేవాళ్లుంటారు. ఆమె మాత్రం సెవెన్ అని ఖాయం చేసింది. చిలక జోస్యంలో చిలకైనా ఒక కార్డు తీసి చెబుతుంది.

"మూడు వేల గ్రాఫ్టులు పడతాయి సార్."

గ్రాఫ్టంటే ఒక కుదురు, అందులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు. లెక్క కుదురుకింత. 3,000 అయితే ఒక రేటు, 3,500 అయితే రేటు తగ్గుతుంది. మోండా మార్కెట్లో కొత్తిమీర కట్టలకు పనికొచ్చే లెక్క మనిషి మాడుకీ పనికొచ్చింది. ఆమె చివరాఖరుకి వజ్రాయుధం తీసింది. "ఈ శనివారం లోపు బుక్ చేస్తే 500 గ్రాఫ్టులు ఫ్రీ సార్."

"ఫ్రీ అంటే, అవి ఎక్కణ్ణుంచి తెస్తారమ్మా?"

"సార్ తల వెనక నుంచే సార్."

వాడి జుట్టు వాడికే ఉచితం! ఆషాఢం ఆఫర్లో ఒక చీర కొంటే ఇంకొకటి ఇచ్చే కొట్టువాడైనా రెండో చీర తన బీరువాలోంచి తీస్తాడు. మన బీరువాలోంచి తీసి మనకే బహుమతిగా ఇవ్వడం ఇక్కడే చూశాను.

పైగా ఆ బీరువా నిండేది కాదు. ఎవరూ చెప్పనిది ఇదే. తల వెనకా చెవుల పైనా ఉండే జుట్టుకు బట్టతల హార్మోను అంటదు. తీసి ముందు నాటినా పుట్టినచోటి గుణం వదలదని న్యూయార్క్‌లో ఓరెంట్రైక్ అనే చర్మవైద్యుడు 1950లలో చూపించాడు. ఈ వ్యాపారమంతా ఆ ఒక్క సత్యం మీదే నిలబడి ఉంది. అయితే పీకినచోట మళ్లీ మొలవదు. మా ఊళ్లో నారు చాలకపోతే పక్కరైతును అడిగేవాళ్లం. ఇక్కడ పక్కవాడి నారు పనికిరాదు, శరీరం ఒప్పుకోదు. చాలామందికి జన్మంతా కలిపి తల వెనక నుంచి భద్రంగా తీయగలిగింది ఆరేడు వేల కుదుళ్లు. అందులో సగం 24 ఏళ్లకే, ఇంకా ఎండని చేలో ఊడ్చేస్తే, అసలు చేను ఎండేది ఆ తర్వాత. నాటినవి మొండిగా నిలబడతాయి, వాటి వెనకున్న పాతవి ఎప్పటిలాగే వెనక్కి నడుస్తాయి. 35 ఏళ్లకు నుదుటి మీద ఒక వరిగట్టు, గట్టు వెనక ఎండిన చెరువు. ఆకుమడి చూస్తే ఖాళీ. "మరి అప్పుడేం చేస్తారమ్మా?" అంటే, "సెకండ్ సిట్టింగ్ చేద్దాం సార్" అంది. మా ఊళ్లో దీన్ని ఏ వడ్డీ వ్యాపారీ ఇంత మర్యాదగా చెప్పలేదు.

"డాక్టరుగారేరీ?"

"ఆపరేషన్ రోజు వస్తారు సార్."

పెళ్లికొడుకు తాళి కట్టే టైముకి వస్తాడన్నట్టు చెప్పింది. వెటకారం ఇక్కడ కాసేపు ఆపుతాను. 2016లో చెన్నైలో 22 ఏళ్ల వైద్య విద్యార్థి, రేపోమాపో డాక్టరు కావాల్సినవాడు, జుట్టు నాటించుకోవడానికి వెళ్లి చనిపోయాడు. కాన్పూర్‌లో కొన్ని నెలల తేడాతో ఇద్దరు ఇంజినీర్లు ఇలాగే పోయారని 2025లో పేపర్లలో చదివాం. జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాలు ఇస్తూ, యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నది ఈ పనికి శిక్షణ కాదని రాయాల్సి వచ్చింది. గుండె ఆపరేషన్ గురించి ఎవరూ అలా రాయాల్సిన పని పడలేదు కదా. నెత్తి అంటే అంత లోకువ.

కేంద్ర ప్రభుత్వానికీ ఇందులో ఓ అభిప్రాయం ఉంది. వైద్యసేవలకు జీఎస్టీ మినహాయించినప్పుడు, పుట్టులోపానికో ప్రమాదానికో చేస్తే తప్ప జుట్టు నాటడం వైద్యం కాదని పేరు పెట్టి మరీ పక్కన తోసింది. పన్ను కట్టేటప్పుడు ఇది సింగారం, మత్తు సూది గుచ్చేటప్పుడు ఆపరేషన్, ఏదైనా జరిగితే "మీరు సంతకం పెట్టారు కదా".

ఇక మాత్రల సంగతి. నాటించుకున్నా పాతవి నిలవాలంటే మందు వాడుతూనే ఉండాలి. మినాక్సిడిల్ రక్తపోటు మందుగా పుట్టి, ఒంటి మీద ఎక్కడపడితే అక్కడ జుట్టు మొలిపించి, 1988లో అమెరికాలో తలకు రాసే మందైంది. ఫినాస్టరైడ్ ప్రొస్టేట్ మందుగా 1992లో వచ్చి, 1997లో తలకెక్కింది. మొదట చెప్పిన హామిల్టనే 1942లో ఇంకొకటి తేల్చాడు: యవ్వనం రాకముందే వృషణాలు కోల్పోయిన మగవాళ్లకు బట్టతల రాదు. అంటే బట్టతల మగతనం కట్టే శిస్తు. ఫినాస్టరైడ్ ఆ శిస్తులో రాయితీ ఇప్పిస్తుంది. డాక్టరు చూసి రాస్తే పనికొచ్చే మందే, కాదనను. డబ్బాలో మడిచి పెట్టిన కాగితంలో మాత్రం, కొద్దిమందికి కోరిక తగ్గవచ్చని సన్నక్షరాల్లో ఉంటుంది. పెళ్లి కోసం జుట్టు, జుట్టు కోసం మాత్ర, ఆ మాత్ర మీద ఆ సన్నక్షరాలు. కౌన్సెలరమ్మ దాన్ని "హెయిర్ కిట్" అని రిబ్బన్ కట్టిన పెట్టెలో పెట్టి ఇచ్చింది. కాగితం మాట ఎత్తలేదు.

ఈ ఊడ్పులకు స్థలపురాణం మాత్రం మన దగ్గరే ఉంది. పశువుల కాపరి గొడ్డలి దెబ్బకు శ్రీనివాసుడి తల మీద కొంత మేర జుట్టు పోతే, గంధర్వకన్య నీలాదేవి తన కురులు కోసి అక్కడ అతికించిందని తిరుమల కథ. బయానా లేదు, కిట్ లేదు. నీలాద్రి అని ఒక కొండకు ఆమె పేరు పెట్టి, భక్తులిచ్చే తలనీలాలన్నీ నీకే చెందుతాయని స్వామి మాటిచ్చాడట. అదే కొండ మీద, కళ్యాణకట్టలో, 23 ఏళ్ల కిందట మా అక్క ఈ వెధవ పుట్టువెంట్రుకలు తీయించింది. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే చేతులు పట్టుకున్నది నేనే. అప్పుడు జుట్టంతా ఇచ్చేసి లడ్డూ తెచ్చుకున్నాం. అప్పటి మొక్కుకి ఇప్పుడు చక్రవడ్డీ కడుతున్నట్టుంది.

ఇంతలో ఆ అమ్మాయి చూపు నా మీద పడింది. "అంకుల్‌కి కూడా చూద్దామా సార్?" అని వాణ్ణే అడిగింది. నా వెనక ఆకుమడి ఎప్పుడో ఎండిపోయిందన్నాను. "పర్లేదు అంకుల్, గడ్డం నుంచి తీస్తాం." తీస్తారు, అబద్ధం కాదు. రోజూ పొద్దున్నే గీసి సింకులో పారబోస్తున్నది లక్షల ఆస్తి అని తెలిసి ఆ పూట నాకు భోజనం సహించలేదు.

లిఫ్టులో అద్దముంది. వాడు చూసుకున్నాడు. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను: "ఒరేయ్, నేను ముప్పై ఏళ్లుగా..."

"మావయ్యా, నీకు పెళ్లయ్యాక ఊడింది" అన్నాడు. "నాకు ముందే ఊడుతోంది. పైగా నువ్వు పొద్దున ఒక్కసారి అద్దం చూసుకుని ఆఫీసుకెళ్లేవాడివి. నేను మీటింగుల్లో రోజూ ఆరు గంటలు నా తలనే చూసుకుంటూ కూర్చుంటాను, తెర మూలన, చిన్న డబ్బాలో."

దీనికి నా దగ్గర జవాబు లేదు. లిఫ్టు కిందికొచ్చేసింది.

మర్నాడు కూకట్‌పల్లిలో ఒక చర్మవైద్యురాలి దగ్గరికి లాక్కెళ్లాను. ఫీజు 600, కాఫీ లేదు. ఆవిడ వాడి తల చూసి, నా తల చూసి, వాళ్ల నాన్న తలెలా ఉంటుందో అడిగి, "ఏడాది మందు వాడు. ఆర్నెల్లకోసారి ఒకే లైటులో ఫొటో తీసుకో. ఎంతవరకు పోతుందో తేలాక, అప్పటికీ కావాలంటే మంచి సర్జన్ పేరు నేనే చెప్తాను. ఇప్పుడే కోస్తే తర్వాత నాటడానికి నీ దగ్గర ఏమీ మిగలదు" అంది. ఐదు నిమిషాల్లో అయిపోయింది. కాఫీ లేకపోవడం వల్ల మావాడికి గురి కుదరలేదు.

ఆదివారం భీమవరం సంబంధం వాళ్లు వీడియో కాల్ చేస్తామన్నారు. ఈమధ్య మధ్యవర్తి అడిగే ప్రశ్నల వరస మారింది. ప్యాకేజీ ఎంత, సొంత ఫ్లాటుందా, జుట్టుందా. మా అక్క వాడి నుదుటి మూలల్లో ఏదో నల్లపొడి చల్లింది, నల్లరేగడి నేలలా తయారైంది. పొడి ఎగురుతుందని ఫ్యాను ఆపేసింది. మే నెల. పది నిమిషాలకు చెమట పట్టి, నల్లటి చార ఒకటి ఎడమ కణత మీదుగా జారి కనుబొమ్మ దగ్గర ఆగింది. మా అక్క తెర అంచున నిలబడి కొంగుతో సైగలు చేస్తోంది. వాడికి అర్థం కాక నమస్కారం పెట్టాడు.

అమ్మాయి తండ్రి కెమెరాకి దగ్గరగా వంగాడు. "అబ్బాయి జుట్టు కాస్త పల్చగా ఉన్నట్టుందండీ."

తెర మొత్తం ఆయన తలే. చింతపండు పెట్టి తోమిన ఇత్తడి బిందెలా నిగనిగలాడుతోంది. ఇంట్లో వెలుగుతున్న ట్యూబ్‌లైటు, దాని పట్టీ మీద కంపెనీ పేరుతో సహా అందులో కనిపిస్తోంది.

కాల్ అయ్యాక మా అక్క పళ్లు నూరింది. "ఆయనకేం తక్కువని వాడి తల ఎంచుతాడు?"

"అక్కా, ఆయన ఎక్స్ ఉన్నదున్నట్టు కూతురికొచ్చి ఉంటుంది. రేపు నీకు మనవడు పుడితే..."

అక్క వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంది. "మనవడికి 24 వచ్చేసరికి రేట్లు తగ్గుతాయిలే" అంది.

మావాడి ఫోను మోగింది. అద్దాల మేడ నుంచి మెసేజి. ఆఫర్ వచ్చే శనివారం దాకా పొడిగించారట, ఫ్రీ గ్రాఫ్టులు ఇప్పుడు 700. వాడు అది చదివి, చెయ్యి మెల్లగా తల వెనక్కి పోనిచ్చి తడుముకున్నాడు, రద్దీ బస్సులో జేబులో పర్సు ఉందో లేదో చూసుకునేవాడిలా.