గడువులోపే

అమెరికాలో ఎం.ఎస్. ముగించిన మన పిల్లలకు అసలు పరీక్ష పట్టా పుచ్చుకున్నాకే మొదలవుతుంది. చదువయ్యాక ఏడాదిపాటు ఉద్యోగం చేసుకోవటానికి ఇచ్చే అనుమతే ఓపీటీ. ఆ కార్డు మీద ఏ తేదీ అచ్చయి ఉంటే ఆ రోజు నుంచి లెక్క. ఆ ఏడాది మొత్తం మీద ఉద్యోగం లేకుండా గడిపిన రోజులు 90 దాటకూడదు. శని, ఆదివారాలూ అందులోకే వస్తాయి. అక్క పెళ్ళికని ఇంటికొచ్చి వెళ్ళినా, ఉద్యోగం లేనివాడికి ఆ రోజులూ లెక్కలోకే. దాటితే విద్యార్థి హోదా పోతుంది. ఓపీటీ మామూలుగా ముగిసినవాళ్ళకు సర్దుకోవటానికి ఇచ్చే 60 రోజుల వెసులుబాటు కూడా ఇలా దాటినవాళ్ళకు దక్కదు.

నరసరావుపేట కుర్రాడొకడి కార్డు మీద 2024 ఫిబ్రవరి 1 అని ఉంది. టెక్సస్‌లో డేటా సైన్స్ చదివి డిసెంబరులో బయటపడ్డాడు. అది లీపు సంవత్సరం కాబట్టి 90వ రోజు సరిగ్గా ఏప్రిల్ 30న పడింది. ఆ లెక్క వాడికంటే ముందు వేసింది వాళ్ళ నాన్నగారు. వంటింటి గోడకున్న క్యాలెండరులో ఏప్రిల్ కాగితం పైకెత్తి, 30 చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రంగా గీశారు.

ఆయన సబ్ ట్రెజరీలో పింఛన్ల సెక్షను చూసి రిటైరయ్యారు. ఆ సీటు ఎలాంటిదో ఆ ఆఫీసు మెట్లెక్కిన ముసలివాళ్ళనడగాలి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. ఒకసారి ఓ పెద్దావిడ కౌంటరు ముందు నిలబడి, ‘నేను బతికే ఉన్నాను గదయ్యా, నీకు కనపడటం లేదా’ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ‘నాకు కనపడుతున్నావమ్మా, కాగితంలో కనపడటం లేదు’ అని, ఆయనే ఫారం నింపి, వేలిముద్ర వేయించి, ఆవిడ్ని ఆటో ఎక్కించి వచ్చారు. మంచం పట్టినవాళ్ళ కోసం ఆదివారాలు ఇళ్ళకు వెళ్ళి మరీ సంతకాలు తెచ్చేవారు. అంత మెత్తని మనిషే, రికార్డు దగ్గరకొస్తే మాత్రం ఆధారం లేకుండా ఒక్క అంకె వేసేవారు కాదు. గడువు దాటటమంటే ఆయనకు ఒంట్లో బాగోలేనంత పని.

అందుకే ఓపీటీ నిబంధనలు మనలో చాలామంది తండ్రుల కంటే ఆయనకు తొందరగా అర్థమయ్యాయి. ఉద్యోగం దొరికితే చాలదు, దొరికిందని 10 రోజుల్లోగా చెప్పాలి. పోయినా, మారినా, ఇల్లు మారినా అంతే. 2018 నుంచి ఇందుకోసం ప్రభుత్వ పోర్టల్ ఉంది. లేదంటే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌వోకి రాస్తే, వాళ్ళు విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ సెవిస్ రికార్డులో ఎక్కిస్తారు. ఇది జరక్కపోతే, పొద్దున్నుంచీ రాత్రిదాకా ఆఫీసులో కూర్చుని పని చేస్తున్నవాడు కూడా ఆ రికార్డులో ఖాళీగా ఉన్నవాడే. రోజులు ఎక్కుతూనే ఉంటాయి. కొడుకు వీడియో కాల్‌లో చెబుతుంటే ఆయన ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. వాడి చదువు వ్యవహారమంతా ఆ పుస్తకంలోనే ఉంది. విజయవాడలో కన్సల్టెన్సీవాళ్ళు అప్లికేషన్లకని తెరిచి ఇచ్చిన మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ దగ్గర్నుంచి, ఇంటి మీద తెచ్చిన బ్యాంకు అప్పు వాయిదాల దాకా.

ఆ చలికాలం ఉద్యోగాలు దొరికే కాలం కాదు. 2023–24లో అమెరికాలో ఉన్న మన దేశపు విద్యార్థులు 3,31,602 మంది. అందులో 97 వేల మందికి పైగా ఓపీటీ మీద ఉన్నవాళ్ళే. డాలస్ పక్కన అర్వింగ్‌లో మనవాడితో ఒకే అపార్ట్‌మెంటులో ఉన్న నలుగురూ ఆ లెక్కలోవాళ్ళే. పొద్దున లేవగానే లాప్‌టాప్‌లు తెరిచి, రాత్రి అన్నం తినేదాకా అప్లికేషన్లు వేయటమే. జీతం లేకపోయినా చదివిన చదువుకు సంబంధించిన పని వారానికి 20 గంటలు చేస్తే మొదటి ఏడాది ఓపీటీకి అదీ ఉద్యోగంగానే చెల్లుతుంది. ఈ సంగతి మన పిల్లల్లో చాలామందికి చెప్పేవాళ్ళు లేరు, చెప్పి తీరాలి. మనవాడికి తెలుసు. ఇద్దరు ప్రొఫెసర్లకు రాశాడు. ఒకరు ప్రాజెక్టులో చోటు లేదన్నారు, ఇంకొకరు జవాబివ్వలేదు.

మార్చి రెండో వారంలో ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోనొచ్చింది. ‘నువ్వు మా దగ్గర పని చేస్తున్నట్టు లెటరిస్తాం తమ్ముడూ, పోర్టల్‌లో పెట్టుకో, క్లాక్ ఆగిపోద్ది. ఉద్యోగం దొరికాక నీ దారి నీది’ అన్నాడు అవతలి మనిషి. రూమ్మేట్ ఒకడు అప్పటికే ఆ పని చేశాడు. మనవాడు చేయలేదు. చికాగోలో 2019లో బయటపడిన కేసు వాడికి తెలుసు. కాగితం మీద తప్ప ఎక్కడా లేని కంపెనీలు పెట్టి, రెండువేల మందికి పైగా ఓపీటీవాళ్ళకు ఉద్యోగం ఉన్నట్టు చూపించిన కేసు అది. నడిపినావిడకు జైలుశిక్ష పడింది. పేరు వాడుకున్న విద్యార్థుల్లో కొందరు ఆ తర్వాత వీసాల దగ్గరా విమానాశ్రయాల దగ్గరా ఇరుక్కున్నారు. ఎప్పుడో హెచ్1బీ ఉద్యోగ వీసాకి వేసినప్పుడు, ఫలానా నెలల్లో ఎక్కడ పని చేశావో పే స్లిప్పులతో చూపించమంటే ఏం చూపిస్తాడు? ఉద్యోగం రాకపోతే ఇంటికి పోవచ్చు, మళ్ళీ రావచ్చు. అబద్ధం రికార్డుకెక్కితే మళ్ళీ రావటమే ఉండదు. ఆ మాట రూమ్మేట్‌కీ చెప్పి, ఫోన్ పెట్టేశాడు. ఆ వయసులో, అంత అప్పు నెత్తి మీద పెట్టుకుని, ఆ మాట అనటం చిన్న విషయం కాదు.

ప్లానోలో ఒక బీమా సంస్థ వాడిని చివరి రౌండు దాకా పిలిచింది. ఆఫీసుకు వెళ్ళొచ్చాడు, మేనేజరుతో కాఫీ తాగాడు. ఏప్రిల్ మొదటి వారంలో, వేరే అభ్యర్థిని తీసుకున్నామని నాలుగు వాక్యాల మెయిల్ వచ్చింది.

ఏప్రిల్ 8 సోమవారం. ఆ మధ్యాహ్నం డాలస్ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం నడిచింది. రోడ్ల మీద జనం నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఆకాశంలోకి చూస్తుంటే వీడు గదిలోంచి కదల్లేదు. అది 68వ రోజు. రాత్రి ఎనిమిదిన్నరకు ఇంటి నుంచి వీడియో కాల్. అక్కడ తెల్లవారింది, క్రోధి నామ సంవత్సర ఉగాది. అమ్మ తలంటుకుని, తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని, పచ్చడి గిన్నె ఫోనుకు దగ్గరగా పెట్టి చూపించింది. చూపిస్తూనే ఏడ్చింది. ‘నోట్లో పెట్టుకోబుద్ధి కావటం లేదురా. నాన్న రాత్రిళ్ళు లేచి కూర్చుంటున్నారు’ అంది.

వాడి నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది. ‘ఉద్యోగం వచ్చిందమ్మా. ఇవాళే చేరా.’

ఒక్క క్షణం అమ్మకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొదట అడిగిందేమిటంటే, ‘అమావాస్య, పైగా గ్రహణం. ఇవాళా చేరటం?’

‘ఎనిమిదింటికల్లా వెళ్ళి సంతకం పెట్టేశానమ్మా. గ్రహణం మధ్యాహ్నం గదా.’

ఏ కంపెనీ అంటే నాలుక చివర ఉన్న పేరు చెప్పాడు, ప్లానో బీమా సంస్థ. ఆ పూట వాళ్ళిద్దరూ పచ్చడి తిన్నారు. ఇంకో రెండు వారాల్లో ఏదో ఒకటి రాకపోదు, వచ్చాక కంపెనీ మారానని చెబితే సరిపోతుంది అనుకున్నాడు. అమ్మానాన్నలు నాలుగు రోజులు నిద్రపోతారు, ఎవరికి నష్టం? వాడి స్థానంలో ఉండి ఆలోచిస్తే తప్పు పట్టటానికి నాకు మనసొప్పదు.

మర్నాడు నాన్న ఒక్కరే ఫోన్ చేశారు.

‘కంపెనీ పేరు పూర్తిగా చెప్పు. స్పెల్లింగు చెప్పు.’

చెప్పాడు.

‘ఆఫీసు ఎక్కడ? వీధి, నంబరు?’

ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చిన చోటే గదా, అదీ చెప్పాడు.

‘నీ హోదా ఏమిటి? రోజుకెన్ని గంటలు?’

డేటా ఎనలిస్టు, ఎనిమిది గంటలు అన్నాడు. రిటైరైన మనిషి, సాయంత్రం పార్కులో పదిమందికి చెప్పుకోవాలి, తెనాలి పెదనాన్న ఫోన్ చేస్తే వివరంగా చెప్పాలి. ఇన్నాళ్ళూ మొహం చాటేసుకు తిరిగారు, ఆ మాత్రం సరదా ఉండదా అనుకున్నాడు. విసుక్కోకుండా అన్నిటికీ జవాబు చెప్పాడు.

‘సరే, నువ్వు చదివిన చదువుకీ ఈ పనికీ సంబంధం ఏమిట్రా? రెండు ముక్కల్లో నాకు అర్థమయ్యేట్టు చెప్పు.’

వాడు కాసేపు ఆలోచించి చెప్పాడు. ‘మీ ట్రెజరీలో ఏ నెల ఎంతమందికి పింఛను పడుతుందో ముందే అంచనా వేసి డబ్బు సిద్ధంగా ఉంచాలి గదా నాన్నా. అలాగే ఇక్కడ ఏ నెల ఎంతమంది క్లెయిములు పెడతారో పాత లెక్కలు చూసి అంచనా వేయటం. మేం చదివిందే అది.’

‘బాగుంది’ అన్నారాయన. గొంతులో ఎన్నాళ్ళకో తృప్తి వినపడింది. వాడికి కళ్ళు చెమర్చాయి.

తర్వాత రెండు వారాలు వాడు ఎలా గడిపాడో చెప్పటం అనవసరం. ఏప్రిల్ 24న ఫోర్ట్‌వర్త్‌లోని ఒక చిన్న సంస్థ నుంచి ఆఫరొచ్చింది. ఆసుపత్రుల బిల్లుల లెక్కలు చూసే కంపెనీ. నిజమైన జీతం, నిజమైన పని. ఇ–వెరిఫై కూడా ఉంది, అంటే ఏడాది తర్వాత స్టెమ్ (సైన్స్, సాంకేతిక చదువులు) కింద మరో 24 నెలల పొడిగింపుకూ అడ్డు ఉండదు. ఒక్కటే భయం, ఎప్పుడు చేరమంటారో అని. సోమవారం చేరమన్నారు. ఏప్రిల్ 29. ఖాళీగా ఉన్న రోజులు 88 దగ్గర ఆగాయి. ఒక్క అబద్ధపు కాగితం పుట్టించకుండా, ఎవరి లెటరూ కొనకుండా, గీత ఇవతలే నిలబడ్డాడు. ఆ సాయంత్రం బస్సులో ఇంటికొస్తూ అమ్మకు మెసేజ్ పెట్టాడు, కంపెనీ మారాను, ఇంకా మంచిది దొరికింది అని.

గదికి రాగానే బూట్లు కూడా విప్పకుండా పోర్టల్ తెరిచాడు. 10 రోజుల గడువుందని తెలుసు, అయినా ఆ రాత్రికే ఎక్కించేయాలని. లోపలికి వెళితే, ఖాళీగా ఉండాల్సిన చోట అప్పటికే ఒక కంపెనీ ఉంది.

ప్లానో బీమా సంస్థ. వీధి, నంబరుతో సహా. చేరిన తేదీ ఏప్రిల్ 8. వారానికి 40 గంటలు. చదువుకూ ఉద్యోగానికీ సంబంధం రాయాల్సిన గడిలో రెండు వాక్యాల ఇంగ్లీషు. ట్రెజరీలో పింఛన్లు ముందుగా అంచనా వేసినట్టే ఇక్కడ క్లెయిములు అంచనా వేయబడును అని, ఆఫీసు నోట్ ఫైల్లో రాసే ధోరణిలో.

పాత మెయిల్ ఐడీ పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకుని తెరిచేసరికి చేతులు వణికాయి. యూనివర్సిటీ దగ్గర వాడి సొంత మెయిల్‌గా ఇప్పటికీ ఉన్నది అదే. పంపినవాటిలో ఏప్రిల్ 12 తేదీతో డీఎస్‌వోకి ఒక ఉత్తరం, వాడి పేరుతో. దాని కింద డీఎస్‌వో జవాబు: వివరాలు సెవిస్‌లో నమోదు చేశాం, అభినందనలు.

నరసరావుపేటలో అప్పుడు తెల్లవారుజామున ఐదున్నర. మొదటి రింగుకే ఎత్తారు.

‘నాన్నా, నా పాత మెయిల్లోంచి యూనివర్సిటీకి ఏమైనా పంపారా?’

‘పంపాను. చెబితే నేను చూసుకుంటాలే అంటావు, కొత్త ఉద్యోగం హడావుడిలో మర్చిపోతావు. 10 రోజులు దాటితే ఏమవుతుందో నాకు తెలియదా? ఐదో రోజు ముగియకముందే పంపేశా. వాళ్ళ జవాబు కూడా ప్రింటు తీసి ఉంచా. ఏం, ఏమైనా తేడా వచ్చిందా?’

వాడు మాట్లాడకపోయేసరికి ఆయన గొంతులో కంగారు మొదలైంది.

‘తేడా రావటానికి లేదురా. ఒక్క ముక్క కూడా నా సొంతంగా రాయలేదు. అన్నీ నువ్వు చెప్పినవే.’