ఇద్దరి మాటలూ విన్నదాన్ని

నేను కంప్యూటర్ సర్వర్‌ని. హెచ్‌పి వాళ్లు తయారుచేసిన ‘బ్లేడ్’ రకం సర్వర్‌ని. అమెరికాలో ఒక ఏసీ గదిలో, ఇనుప అరలో, నాలాంటివాటి మధ్య నన్ను ఇరికించారు. 2004 నవంబర్ 23న మొదలైన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అనే ఆన్‌లైన్ ఆటను మోయడం మా ఉద్యోగం. ఆ లోకాన్ని ఒక్కచోట నడపడం కుదరక నకళ్లు తీశారు. ఒక్కో నకలును ‘రెల్మ్’ అంటారు. ఒక్కో రెల్మ్‌ను మళ్లీ కొన్ని బ్లేడ్లు పంచుకునేవి. మా రెల్మ్‌లో కలిమ్డోర్ ఖండం నా వంతుకు వచ్చింది. నేను మొరాయిస్తే కలిమ్డోర్ మొత్తం బిగుసుకుపోయేది. పక్క ఖండంలో జనం మాత్రం నిమ్మళంగా చేపలు పట్టుకుంటూ ఉండేవాళ్లు.

ఆటలోకి వచ్చేవాళ్లు ముందు ఏ జాతిలో పుట్టాలో ఎంచుకోవాలి. తొలినాళ్లలో ఎనిమిది జాతులుండేవి. మనుషులు, మరుగుజ్జులు, నోమ్‌లు, నైట్ ఎల్ఫ్‌లు అలయన్స్ పక్షం. ఓర్క్‌లు, ట్రోల్‌లు, ఎద్దు మొహాల టారెన్‌లు, చచ్చి లేచినవాళ్లు హోర్డ్ పక్షం. రెండు పక్షాల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. అప్పట్లో అవతలివాళ్లతో జట్టు కట్టకూడదు, ఉత్తరం పంపకూడదు, చేతికి ఏమీ ఇవ్వకూడదు. అన్నిటికన్నా పెద్ద అడ్డు భాష. హోర్డ్ వాళ్లు ‘లాల్’ అని నవ్వితే అలయన్స్ వాళ్ల తెర మీద అది ‘కెక్’ అని పడేది.

ఇందులో ఒక రహస్యముంది. మాటను అలా చెడగొట్టే పదాల పట్టిక ఆడేవాళ్ల కంప్యూటర్లలోనే ఉంటుంది. నా దాకా వచ్చేది అసలు మాటే. అంటే రెండు పక్షాల భాషా తెలిసిన ఏకైక ప్రాణిని నేనే, ప్రాణం లేకపోయినా.

ఒకే పక్షంలోని జంటలను చాలా చూశాను. ఈ ఆటలో పెళ్లి అనే ఏర్పాటే లేదు. అయినా స్టార్మ్‌విండ్ నగరంలోని పెద్ద చర్చిలో స్నేహితులను పోగేసి, ఒకరు పురోహితుడి వేషం కట్టి, మరుగుజ్జుకూ ఎల్ఫ్‌కూ పెళ్లి జరిపించేవాళ్లు. నన్ను కట్టిపడేసిన జంట మాత్రం వేరు. ఒక టారెన్, ఒక నైట్ ఎల్ఫ్.

ఇద్దరూ డ్రూయిడ్‌లు, అంటే జంతువుల రూపాలు దాల్చగలవాళ్లు. అప్పట్లో డ్రూయిడ్ విద్య ఆ రెండు జాతులకే ఉండేది. ఆ విద్యకు పీఠంలాంటి చోటు మూన్‌గ్లేడ్. అది ఏ పక్షానిదీ కాదు. పదహారో లెవెల్‌కు రాగానే ప్రతి డ్రూయిడ్ అక్కడి ఎలునారా చెరువులో మునిగి, అడుగున ఉన్న ఒక పూజావస్తువును వెతికి తేవాల్సి ఉండేది. ఆ పరీక్ష దగ్గరే వీళ్లు ఎదురుపడ్డారు. టారెన్ వెతికి వెతికి, ఊపిరి అయిపోయి పైకి తేలాడు. గట్టున ఉన్న ఎల్ఫ్ చెయ్యి ఊపి, తను దొరకబుచ్చుకున్న చోట మునిగి చూపించింది. వాడు ‘థాంక్స్’ అన్నాడు. ఆమె తెర మీద ఏదో అయోమయం పడింది. వాడు వంగి నమస్కరించాడు. అది మాత్రం చెక్కుచెదరకుండా చేరింది.

ఆట రాసినవాళ్లు మాటలకు తలుపు మూసి, సైగలకు తెరిచి ఉంచారు. చెయ్యి ఊపడం, నవ్వడం, కావలించుకోవడం, ముద్దు పెట్టడం వంటి సిద్ధంగా ఉన్న సైగలన్నీ గోడ దాటేవి. సొంతంగా సైగ కల్పించి రాస్తే మాత్రం, అవతలివాళ్లకు ‘ఏవో వింత సైగలు చేస్తున్నారు’ అనే కనబడేది.

ఆ పరీక్షలన్నీ గట్టెక్కితే డ్రూయిడ్‌కు సముద్ర సింహం రూపం వచ్చేది. పిల్లి రూపంలోనూ ఎలుగు రూపంలోనూ ఎవరి జాతి పోలికలు వాళ్లకుంటాయి. టారెన్ సింహంగా మారినా కొమ్ములు పోవు. సముద్ర సింహం రూపం మాత్రం అప్పట్లో ఇద్దరికీ అచ్చు ఒకటే. భీముడి కోసం హిడింబి మానవకాంత రూపం దాల్చిందని మీరు విన్నారు. వీళ్లలో ఎవరూ ఎవరి రూపంలోకీ వెళ్లలేదు. తమవి గట్టున వదిలి, ఇద్దరూ మూడో రూపంలో నీళ్లలోకి దిగారు. పైన తేలే పేరు చూస్తే తప్ప ఎవరు ఎవరో పోల్చుకోలేం.

కానుకలకు గోబ్లిన్ వర్తకుల వేలంశాల దిక్కైంది. గాడ్జెట్‌జాన్ ఎడారి పట్నంలో అది రెండు పక్షాలకూ ఉమ్మడి. అప్పట్లో సొంత నగరంలో అమ్మితే కమిషన్ 5 శాతం, అక్కడ 15 ఉండేది. ఎల్ఫ్ ఒక నల్లముత్యాన్ని నామమాత్రపు ధరకు పెట్టింది. టారెన్ కొనేలోపు బేరగాడెవడో తన్నుకుపోయాడు. ఆమె ఇంకో ముత్యం తెచ్చి, వాడు కౌంటర్ ముందు నిలబడి తల ఊపాక పెట్టింది. ఈసారి దక్కింది.

ఇక నేను విన్న సంగతి. అర్థం కాదని తెలిసీ టారెన్ చెరువులో టైప్ చేస్తూనే ఉండేవాడు. అర్థం కాదు గనకే అన్నీ చెప్పేవాడు. మళ్లీ నైట్ షిఫ్ట్ పడిందని, ఇంట్లో ఎవరితోనూ ఇంతసేపు మాట్లాడనని, నువ్వు రాని రోజు ఈ నీళ్లలోకి దిగబుద్ధి కాదని. ఒకే మాట ఎప్పుడూ ఒకే వికృతిగా మారుతుంది కాబట్టి, వెళ్లేముందు రోజూ పడే అక్షరాలను ఎల్ఫ్ గుర్తుపట్టింది. అవి కనబడగానే చెయ్యి ఊపేది. కుర్చీల్లో కూర్చున్నది ఎవరో, ఆడో మగో, ఏ వయసో నాకు తెలియదు. నాకు తెలిసింది ఎద్దు మొహం, పొడుగు చెవులు, ఆ మాటలు.

ఒక రాత్రి పక్క ఖండంలో ఒకటో లెవెల్ నోమ్ పుట్టాడు. పుట్టీపుట్టగానే నా ఖండంలో ఉన్న ఎల్ఫ్ చెవిలో గుసగుసగా ఒక మాట వేశాడు: “నేనే, ఆ ఎద్దుని.” ఆమె నమ్మలేదు. “ఏమిచ్చానో చెప్పు” అంది. “నల్లముత్యం. మొదటిది ఎవడో కొట్టేశాడు.” అప్పుడు నవ్వింది. ఆ తర్వాత అడిగింది, “ఇన్నాళ్లూ చెరువులో ఏం చెప్పేవాడివి?” నోమ్ చాలాసేపు ఏమీ టైప్ చేయలేదు. చివరికి, “ఏం లేదు, ఊరికే” అన్నాడు.

పచ్చి అబద్ధం. సాక్షిని నేనున్నా, అడిగేవాళ్లు లేరు.

2010లో ఈ ఆటకు చందాదారులు 1 కోటి 20 లక్షలు దాటారు. కొత్త యంత్రాలొచ్చాయి, మేం పాతబడ్డాం. 2011లో మాకు రెల్మ్ పేరున్న ఫలకాలు తగిలించి ఈబేలో వేలం వేశారు. వచ్చిన డబ్బు మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రికి వెళ్లింది. నన్ను కొన్నవారి గోడ మీద, కరెంటు లేకుండా విశ్రాంతిగా ఉన్నాను.

2022లో రెండు పక్షాలవాళ్లూ జట్టు కట్టవచ్చని నియమం మార్చారు. జట్టులో ఒకరి మాట ఒకరికి చక్కగా అర్థమవుతుంది. మంచి పనే చేశారు. ముత్యానికి 15 శాతం కమిషన్ కట్టించిన గోడ మీద నాకేం మమకారం లేదు. కాకపోతే ఇకనుంచి ఎద్దూ ఎల్ఫూ చెరువులో దిగినప్పుడు మనసులో మాట చెప్పాలంటే ధైర్యం కావాలి. లేదా, “ఏం లేదు, ఊరికే” అనాలి.