ఎర్ర మగ్గు తీసెయ్!

మా వరంగల్‌లో క్రికెట్ అంపైర్‌గా నెగ్గుకురావడం కష్టం. ఒక ఎల్బీడబ్ల్యూ ఇస్తే చాలు, చౌరస్తాలో పాన్‌డబ్బా అతను కూడా బంతి ఎక్కడ పడి ఎటు తిరిగిందో సున్నం వేలితో గీసి మరీ చూపిస్తాడు. బాస్కెట్‌బాల్ రెఫరీకి ఆ బాధ లేదు. ఆయన విజిల్ ఊది, పిడికిళ్లు రెండూ గుండ్రంగా తిప్పితే అది ట్రావెలింగో, పూనకమో అడిగే నాథుడుండడు. ఆయన చెప్పిందే వేదం.

ఈ వైభోగమంతా నలభై నిమిషాలే. స్కోర్లు సమానమై ఓవర్‌టైమ్ వచ్చిందంటే వేదంలో ఆ పన్నం ఎవరికీ రాదు. నాలుగు క్వార్టర్లలో ఎవరో ఒకరు గెలిచి చావకపోతారా అన్న ధీమాతో రూల్ పుస్తకంలో ఆ భాగం ఎవరూ చదవరు. ఆ అయిదు నిమిషాలూ దేవుడి మీద భారం.

హన్మకొండలో ఒక కాలేజీ టోర్నమెంట్. కాలేజీ పేరెందుకు లెండి, రేపు నేను ఆ గేటు ముందునుంచే పోవాలి. ఆతిథ్య జట్టుకూ, మంచిర్యాల నుంచి వచ్చిన కుర్రాళ్లకూ ఫైనల్. స్కోరర్ మా పక్కింటి పిల్లాడు. "అంకుల్, మీరొచ్చి కూసోండి, ధైర్యంగుంటది" అంటే వెళ్లి టేబుల్ వెనకాల కూర్చున్నాను.

టేబుల్ మీద ఎర్ర ప్లాస్టిక్ మగ్గు ఒకటి బోర్లించి ఉంది. దాని కథ చెప్పాలి. ఒక క్వార్టర్‌లో జట్టు మొత్తం కలిపి నాలుగు ఫౌళ్లు చేసిందంటే, వాళ్ల బెంచీ వైపు టేబుల్ మీద ఎర్ర గుర్తు పెట్టాలి. అయిదో ఫౌల్ నుంచి అవతలివాడు షాట్ వేయకపోయినా రెండు ఫ్రీ త్రోలు. అసలు గుర్తు కొనడానికి బిల్లు పాస్ కాలేదట. అందుకని స్టాఫ్ బాత్‌రూమ్‌లోని మగ్గుకు ఆ హోదా దక్కింది. పిడి దగ్గర ఇంకా తడిగానే ఉంది.

నాలుగో క్వార్టర్ అయ్యేసరికి స్కోర్లు సమానం. మగ్గు ఆతిథ్య జట్టు వైపు ఉంది. రెఫరీ టేబుల్ దగ్గరికొచ్చాడు.

"మగ్గు తీసెయ్."

"తియ్యొద్దు సార్. ఓవర్‌టైమ్ అంటే నాలుగో క్వార్టర్ లెక్కనే. ఫౌల్స్ అట్లనే ఉంటయి" అన్నాడు మావాడు.

"ఎవరు చెప్పిన్రు?"

"ఫిబా రూల్ సార్."

"ఫిబా లేదు గిబా లేదు. నిన్న రాత్రి గూడ ఫోన్ల చూసిన. ఓవర్‌టైమ్ల అంత కొత్త లెక్కనే."

పాపం, ఆయన చూసింది నిజమే. కాకపోతే ఆ నిజం అమెరికాది. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఓవర్‌టైమ్ జంప్ బాల్‌తో మొదలవుతుంది, జట్టు ఫౌళ్ల లెక్క కొత్తగా మొదలవుతుంది. మన దేశంలో నడిచేవి అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నియమాలు. వాటి ప్రకారం ఓవర్‌టైమ్ ఫౌళ్లు నాలుగో క్వార్టర్ ఖాతాలోకే పోతాయి. జంప్ బాల్ ఉండదు, బాణం గుర్తు ఎవరి వైపుంటే వాళ్లకే బంతి. మా టేబుల్ మీద అట్టముక్కతో చేసిన బాణం మంచిర్యాల వైపు నిక్కచ్చిగా చూపిస్తూనే ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు.

ఇంతలో కాలేజీ ఫిజికల్ డైరెక్టర్, పీడీ సార్ వచ్చాడు. "ఏందిరా లొల్లి?" అని అడిగాడు గానీ జవాబు వినలేదు, వాచీ చూసుకున్నాడు. "రెఫరీ సార్ చెప్పినంక ఇంకేంది? తీసెయ్." వాచ్‌మన్ అప్పటికే స్విచ్ బోర్డు పక్కన నిలబడి ఉన్నాడు. మంచిర్యాల కోచ్ గట్టిగా తగులుకునేవాడే గానీ, ఎన్నడూ లేనిది ఆ రోజు కాజీపేటకు ఆయన రైలు రైట్ టైమ్‌కు వస్తోంది.

ఓవర్‌టైమ్‌లో రూల్ తప్పేది తెలియకే అనుకుంటాం. తెలిసినవాడు పక్కనే ఉన్నా తప్పుతుంది, ఎందుకంటే ఆ వేళకు అందరికీ ఇల్లు గుర్తొస్తుంది. ఎవరి మాట వింటే తొందరగా అన్నం తినొచ్చో ఆ మాటే రూల్.

మగ్గు లేచింది. ఆతిథ్య జట్టు పట్టపగ్గాల్లేకుండా నాలుగు ఫౌళ్లు చేసింది. ఎనిమిది ఫ్రీ త్రోలు రావాల్సిన మంచిర్యాలకు నాలుగుసార్లు సైడ్ నుంచి బంతి విసురుకునే భాగ్యం దక్కింది. ఓడింది రెండు పాయింట్లతో.

అమెరికాలో అంతా సవ్యంగా నడుస్తుందనుకోకండి. 2007 డిసెంబర్ 19న ఎన్‌బీఏలో అట్లాంటా జట్టుకు సొంతూళ్లో మయామీతో ఆట. ఓవర్‌టైమ్‌లో ఇంకా 51.9 సెకన్లు ఉన్నాయనగా, ఆరు ఫౌళ్లయ్యాయని మయామీ ఆటగాడు షకీల్ ఓనీల్‌ను బయటికి పంపేశారు. నిజానికి ఆయనవి అయిదే. అంత పెద్ద మనిషిని బయటికి పంపేటప్పుడైనా ఇంకోసారి లెక్కపెట్టుకోవద్దూ? మయామీ ఫిర్యాదు చేసింది. లీగ్ ఒప్పుకుని, అట్లాంటాకు యాభై వేల డాలర్లు జరిమానా వేసి, ఆ 51.9 సెకన్లు మళ్లీ ఆడమంది. 2008 మార్చి 8న ఆడారు. అప్పటికి ఓనీల్ ఫీనిక్స్ జట్టుకు మారిపోయాడు. ఎవరికి అన్యాయం జరిగిందో ఆయనే రాలేదు. ఒక్కరూ ఒక్క పాయింటూ చేయలేదు. 114-111తో అట్లాంటాయే గెలిచింది. న్యాయం జరిగింది, ఫలితం మారలేదు. మన కోర్టు వాయిదాలు చూసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు.

మన దగ్గరా ఫిర్యాదుకు పద్ధతి ఉంది. ఆట ముగిసిన పదిహేను నిమిషాల్లోగా కెప్టెన్ స్కోర్‌షీట్ మీద అందుకోసమే ఉన్న గడిలో సంతకం పెట్టాలి. ఆ సంగతీ మావాడే చెప్పాడు. మంచిర్యాల కెప్టెన్ పెన్ను కోసం వెతికి, నా జేబులోది లాక్కుని సంతకం పెట్టాడు. వెనకాలే గెలిచిన కెప్టెన్ వచ్చాడు. ప్రైజ్ మనీ కోసమేమో అనుకుని, వాడి కిందే తనూ ఒక సంతకం బరికాడు.

పీడీ సార్ షీట్‌ను దూరంగా పట్టుకుని చదివాడు. ఆయన ముఖం వెలిగింది.

"ఇద్దరూ అబ్జెక్షన్ పెట్టిన్రు. చెల్లుకు చెల్లు. కప్పు తెండి!"

తరువాతి టోర్నమెంట్‌కు మా పక్కింటి పిల్లాణ్ని టేబుల్ దగ్గరికి పిలవలేదు. ఎందుకని వాకబు చేశాను. వాడికి రూల్స్ వస్తాయట, ఆట లేటవుతుందట.