పెద్దమనుషుల స్తోత్రం

మాట ఇవ్వడం పుణ్యమైతే, ఇచ్చిన మాటను మర్చిపోవడం మహావిద్య. ఆ విద్యను తెలుగువారికి ప్రసాదించిన ఎనిమిది మందికి సాష్టాంగ నమస్కారం. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర నుంచి బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు, తెలంగాణ నుంచి బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు కూర్చుని రెండు ప్రాంతాలను కలిపే షరతులు రాసుకున్నారు. దాని పేరు పెద్దమనుషుల ఒప్పందం. పేరులోనే అంత పూచీ ఉంటే ఇక చట్టంతో పనేముంది?

వారి చురుకుదనం చూడండి. హైదరాబాదు రాష్ట్రాన్ని కొన్నేళ్లు విడిగా ఉండనివ్వండి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి సభలో మూడింట రెండు వంతుల మంది సరేనంటే ఆంధ్రతో కలపండి అని రాష్ట్రాల పునర్విభజనపై వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో చెప్పింది. పెళ్లికూతురిని అడిగి ముహూర్తం పెట్టడమా? ఆలస్యం అమృతం విషం!

కాగితంలో మాత్రం ఏ లోటూ లేదు. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే ఖర్చు పెట్టాలి. ఉద్యోగానికి 12 ఏళ్ల నివాసం ఉండాలి. ఆఖరికి తాగుడు సంగతీ వదల్లేదు: తెలంగాణలో మద్యనిషేధం ఎలా ఉండాలో అక్కడి శాసనసభ్యులే తేల్చుకోవాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలి. ఆ ఏడాది నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ పుట్టింది, సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. మరి ఉపముఖ్యమంత్రి? చేతికి ఆరో వేలెందుకు అన్నారని ప్రసిద్ధి. సంతకం పెట్టిందీ ఆ చేత్తోనే కదా, దానికి ఎన్ని వేళ్లుండాలో ఆయనకంటే ఎవరికి తెలుస్తుంది?

విలీనం కోసం హైదరాబాదు ముఖ్యమంత్రి కుర్చీ వదులుకున్న బూర్గులను అదే నెలలో కేరళకు గవర్నరుగా పంపారు. షరతులు గుర్తు చేయగల మనిషికి అంత దూరంలో అంత గౌరవం! చెన్నారెడ్డిగారిదైతే సవ్యసాచిత్వం. కలపడానికి సంతకం పెట్టారు, 1969లో విడగొట్టడానికి తెలంగాణ ప్రజాసమితిని నడిపారు, 1971లో తెలంగాణలోని 14 లోక్‌సభ స్థానాల్లో 10 గెలిపించి ఆ సమితిని కాంగ్రెసులో కలిపేశారు, 1978లో సమైక్య రాష్ట్రానికే ముఖ్యమంత్రి అయ్యారు. ఇన్నిసార్లు కలిపి విడదీసిన అనుభవం యూరప్‌లో ఎవరికుంది?

పాపం, యూరప్‌వాళ్లకు పెద్దమనుషుల మీద నమ్మకం తక్కువ. 1957లో రోమ్‌లో ఆరు దేశాలు కూటమిగా కలిసే ఒప్పందం చేసుకుని, దాన్ని అమలు చేయించడానికి కోర్టును కూడా పెట్టుకున్నాయి. తర్వాత లిస్బన్ ఒప్పందంలో, కూటమి నుంచి వెళ్లిపోదలిస్తే నోటీసివ్వాలి, రెండేళ్లలో లెక్కలు తేల్చుకోవాలి అని 50వ అధికరణం రాసుకున్నారు. ఆ ముందుచూపు మన దగ్గర హైదరాబాదు అమీర్‌పేటలోనే కనిపిస్తుంది. మైత్రీవనం వెనక సందుల్లోని హాస్టళ్లలో శ్రీకాకుళం కుర్రాడినీ ఆదిలాబాద్ కుర్రాడినీ ఒకే గదిలో, ఒకే ప్లగ్ పాయింటు కింద, ఏ కమిషనూ వేయకుండానే విలీనం చేస్తారు. గోడ మీద మాత్రం బోర్డు ఉంటుంది: ఖాళీ చేయాలంటే నెల ముందు చెప్పాలి, అడ్వాన్సు వాపసు లేదు. ఆ ఓనరు ఏ ప్రాంతం వాడైనా సరే, రాసిన మాట మీద అక్షరం తప్పకుండా నిలబడతాడు. ఆ ఎనిమిది మందితో పాటు తొమ్మిదోవాడుగా ఆయన కూడా ఉండాల్సింది.

మన ఏలికలు అంత చిల్లరగా ఆలోచించలేదు. బోర్డు లేని ఇల్లు ఖాళీ చేయడానికి 58 ఏళ్లు పట్టింది. దారి చివరికి పంజాగుట్టలో, నిమ్స్ ఆసుపత్రి మంచం దగ్గర తెరుచుకుంది. ప్రత్యేక తెలంగాణ కోసం కె. చంద్రశేఖరరావు నిరాహార దీక్ష అక్కడ సాగుతుండగా, ఆ రాష్ట్రం ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని 2009 డిసెంబరు 9 రాత్రి ఢిల్లీలో కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన చేశారు. సరిగ్గా రెండు వారాలకే, డిసెంబరు 23న, ఇంకా విస్తృతంగా సంప్రదించాలన్నారు. పెద్దమనుషుల సంప్రదాయం ఢిల్లీలో అంత పచ్చగా ఉన్నందుకు గర్వించాలి. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది.

ఈసారి మాత్రం పెద్దమనుషుల మాట కాదు, పార్లమెంటు చట్టం. కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ప్రధాన కార్యాలయం ఆంధ్రప్రదేశ్‌లో ఉండాలని అందులో స్పష్టంగా రాశారు. ఆ బోర్డు ఆ తర్వాత ఏళ్ల తరబడి పంజాగుట్ట పక్కనే, ఎర్రమంజిల్ జలసౌధలో కూర్చుని రెండు రాష్ట్రాల నీటి తగవులు విన్నది.