ఒట్టిపోయిన గేదె మేత బిల్లు ఎవరికి పంపాలి?

మహారాజశ్రీ కేంద్ర ప్రభుత్వంలో పశువుల సంతల ఫైలు చూసే అధికారి గారికి, సంతలో పలుపు పట్టుకుని నిలబడ్డవాడు నమస్కరించి రాయునది.

2017 మే 23న మీరు అచ్చేయించిన సంతల నిబంధనలను ఆ జూలైలోనే సుప్రీంకోర్టు దేశమంతటా ఆపేసింది. అయినా మీరు మళ్లీ కలం పట్టకపోరు. అందుకే ముందే నాలుగు ముక్కలు.

ఆ నిబంధనల లెక్కలో పశువంటే ఆవు, ఎద్దు, గేదె, దూడ, చివరికి ఒంటె కూడా. మా సంతకు ఒంటె రాలేదు. వస్తే కాగితాలు సిద్ధం.

అమ్మేవాడు కోతకు అమ్మడం లేదని రాసివ్వాలి. కొనేవాడు వ్యవసాయదారుడినని రుజువు చూపి, ఆరు నెలలు తిరిగి అమ్మనని ఒప్పుకోవాలి అన్నారు. రశీదు ఐదు ప్రతులు: కొన్నవాడికి, అమ్మినవాడికి, కొన్నవాడి తహసీల్దారు కచేరీకి, జిల్లా పశువైద్యాధికారికి, సంత కమిటీకి. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం తెంచుకునే చోట ఇన్ని కాగితాలా! గేదె మాత్రం ఒక్కటే.

రాష్ట్ర సరిహద్దుకు 25 కిలోమీటర్ల లోపు సంత వద్దన్నారు. కుప్పానికి ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. 2014లో రాష్ట్రం విడిపోయాక జగ్గయ్యపేటకూ సరిహద్దు దగ్గరికొచ్చింది. గీత గీసింది ఢిల్లీలో, నడవాల్సింది గేదె. కొమ్ములకు రంగు కూడా క్రూరత్వాల జాబితాలో చేర్చారు. కనుమ రంగు వెలిసేదాకా ఎద్దును సంతకు తోలొద్దు కాబోలు.

క్రూరత్వం లేదనను. పశువుల్ని లారీలో కుక్కి తోలేవాళ్లను చూస్తూనే ఉన్నాం. సంతలో నీడ, నీళ్లు ఉండాలన్న మీ వాక్యాలకు దణ్ణం.

అసలు సంగతి ఒట్టిపోయిన గేదె. ఇక చూలు నిలవదని తేలాక రైతు దాన్ని అమ్మి, ఆ డబ్బుకు అప్పో సొప్పో కలిపి ఈనిన గేదెను తోలుకొస్తాడు. పాడి నడిచేది ఆ డబ్బు మీదే. ఆ అమ్మకం ఆగితే కొత్త గేదె లేదు, పాలకేంద్రంలో పోయడానికి పాలూ లేవు. పనికిరాని గేదెకు ధ్రువపత్రం ఉంటే కోతకు పంపొచ్చని 1977 నాటి మా రాష్ట్ర చట్టమే చెబుతోంది. పంపొచ్చు గానీ సంతలో అమ్మొద్దని మీరు. మరి దాన్ని కొనేదెవరు? పాలివ్వని గేదెను కొని ఆరు నెలలు మేపే వ్యవసాయదారుడు మా మండలంలో లేడు. మీ ఎరికలో ఉంటే చిరునామా పంపండి.

దొరక్కపోతే ఈసారి ఆరో ప్రతి కూడా రాయించండి. అందులో దాని ఎండుగడ్డి, తవుడు ఖర్చు వేసి నెలనెలా మీ శాఖకే పంపుతాం.

ఇట్లు
పలుపు వదలనివాడు